హబెల్ వాళ్ళ వంతు

చీకటి పడ్డాక మా కొండమలుపు బడి దగ్గరికి ఎవరూ వెళ్ళరు. కిందటేడు జ్వరంతో పోయిన పాత పంతులమ్మ లోపల కూర్చుని మాట్లాడుతుందట. మూడు వారాల్లో ఊరంతా పాకింది ఆ మాట. సగంమంది పిల్లల్ని మాన్పించేశారు.

సోమవారం నుంచి చదువు చర్చిలో, బడికి మేకులు కొట్టెయ్యండి అన్నారు పెద్దలు. ఆ పని మా ఆయన ఏసహెల్ నెత్తిన పడింది. కొత్త పంతులమ్మ లవీనాకి ఒక మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, దాచడమెందుకు.

శనివారం పొద్దున్నే వెళ్ళవయ్యా అంటే, ఆవు ఈనిందని సాయంత్రం బయల్దేరాడు మహానుభావుడు. చేరేసరికి చీకటి. మోకాలి లోతు మంచు. కిటికీ తలుపులన్నీ గడ్డకట్టి బిగుసుకుపోయి ఉన్నాయి…

లోపల ఎవరో ఆడమనిషి.

"మంచు కింద నిద్రపోతున్నా…"

ఏదో గీకిన చప్పుడు. మళ్ళీ అదే గొంతు—

"కాదు… మంచు కింద మేలుకునే ఉన్నా…"

బయటికొస్తుందేమోనని, తలుపుకి అడ్డచెక్క పెట్టి మేకులు దిగ్గొట్టాడు. లోపల అడుగుల చప్పుడు. తర్వాత తలుపు మీద… టక్, టక్.

సుత్తి అక్కడే పారేసి ఇంటికొచ్చి పడ్డాడు.

"ఆవిడ తలుపు కొట్టిందే…" అన్నాడు గుసగుసగా.

నాకు నవ్వాగలేదు. "ఆ లవీనాని చూసి నేర్చుకో. ఒంటరి ఆడపిల్ల, ఇంటింటికీ ఎలా తిరుగుతోందో."

"ఈ వారం ఎవరింట్లో ఉంది? జాగ్రత్తగా ఉండమందాం."

మా దగ్గర పంతులమ్మకి తిండీ పడకా వంతులవారీగా పెడతాం. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని వారాలు.

"హబెల్ వాళ్ళింట్లో. ముగ్గురు పిల్లలు కదా, మూడు వారా…"

అప్పుడు తట్టింది నాకు. హబెల్ వాళ్ళు అక్టోబరులోనే ఇల్లమ్ముకుని పడమటికి వెళ్ళిపోయారు. వంతుల చీటీ మాత్రం ఎవరూ మార్చలేదు.

ఇద్దరం లాంతరు పట్టుకుని పరిగెత్తాం. మేకులు పీకేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఆరిపోయిన పొయ్యి పక్కన, బల్ల మీద పరుచుకున్న కోటు, ఎండిన రొట్టెముక్క, కొట్టివేతలతో నిండిన కవిత. లవీనా పెదాలు నీలంగా ఉన్నాయి.

"మా ఇంటికి రాకపోయావా తల్లీ?" అన్నాను.

కిందటి ఆదివారం చర్చి మెట్ల మీద, మీ ఇంటికి ముందే రావచ్చా అని అడిగింది నన్నే. మా వంతు వచ్చినప్పుడు రామ్మా అన్నది నేనే.

"మీ వంతు సోమవారం నుంచి కదండీ," అంది. "ఇంకా రెండు రోజులుంది."