సీట్లో కుక్కిన గడ్డి

దబీర్‌పురాలో మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఉంది. ఇప్పుడు అందులో బర్రెల్లేవు, ఎర్రటి పాత కారుంది. రెండే సీట్లు, పొడుగు ముక్కు, మడిచే టాపు. మా అన్న రవీందర్ దాన్ని కార్వాన్‌లో తుక్కు కింద కొని, బర్రెలను అమ్మించి మరీ అక్కడ పెట్టించాడు. అన్న అడిగితే మా ఇంట్లో కాదనేవాళ్లు లేరు. నేను అడిగింది మాత్రం ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

అన్న చేతులు గ్రీజులో ఉంటాయని సాయంత్రం అమ్మ కొట్టంలోకే పళ్లెం తెచ్చేది. డ్రైవర్ సీట్లో కూర్చున్న కొడుక్కి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పక్కన నా చేతులూ నల్లగానే ఉండేవి. నన్ను పిలిచిన పాపాన పోలేదు.

పోయిన వానాకాలం అన్న డెంగీతో చనిపోయాడు. అమ్మ తిండి మానేసింది. పిలిస్తే పలకదు, నోట్లో పోస్తే మింగదు. డాక్టరు చేతులెత్తేశాడు.

ఒకరోజు బాపు నన్ను కొట్టంలోకి తీసుకెళ్లాడు.

"బండి తయారు చెయ్యి మహేందర్. బర్రె దుడ్డె సస్తే మనమేం జేస్తుంటిమి? దాని తోలుల గడ్డి కుక్కి తల్లి ముంగట నిలవెడ్తుంటిమి. అది నాక్కుంట పాలు చేపేది. మీ అమ్మకు గీ బండి సప్పుడు ఇనవడాలె."

ఒళ్లు మండింది. బతికున్న కొడుకును, నేను ఎదురుగానే ఉన్నాను కదా! కానీ అమ్మ ప్రాణం. కార్బురేటర్ కడిగాను. స్పార్కు ఇచ్చే పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశాను. డ్రైవర్ సీటును మాత్రం బాపు ముట్టనివ్వలేదు. చివికిన స్పంజి తీసేసి, అన్న చొక్కాల్లో గడ్డి చుట్టి తనే లోపల కుక్కాడు. తల్లి నాకేందుకు దుడ్డె తోలు మీద చల్లినట్టే పైన ఉప్పునీళ్లు చల్లాడు.

"ఈ సీట్ల నువ్వు కూసోకు. తల్లికీ గడ్డిదుడ్డెకూ నడుమ బతికున్న దుడ్డెను తేవొద్దు."

"తెస్తే ఏమైతది బాపూ?"

ఆయన సూదిలో దారం ఎక్కించి సీటు కుట్టడం మొదలుపెట్టాడు.

ఇంజిన్ పలికిన సాయంత్రం అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. సీటును నిమిరింది, వాసన చూసింది. ఒక ముద్ద సీటు ముందు పట్టుకుని, ఆ ముద్దే తను తిన్నది. బాపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆనాటి నుంచి రోజూ బాపు బయటి నుంచే చెయ్యి పెట్టి తాళం తిప్పేవాడు, ఇంజిన్ ఆగకుండా నేను బానెట్ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్ లాగి పట్టుకునేవాణ్ని, అమ్మ తినేది. నా వైపు ఒక్కసారీ చూడలేదు.

మొన్న సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. బాపు యాకుత్‌పురాలో చుట్టాలింటికి వెళ్లి వానకు అక్కడే ఆగిపోయాడు. కొట్టం నిండా పెట్రోలు వాసన, నానిన గడ్డి వాసన. తాళం తిప్పి బానెట్ దగ్గరికి పరుగెత్తేలోపే ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. గుమ్మంలో అమ్మ పళ్లెంతో నిలబడింది. చప్పుడు ఆగింది... వెనక్కి తిరిగింది.

తినదు. మళ్లీ తినదు...

సీట్లోకి దూకాను. తాళం తిప్పి పెడల్ తొక్కాను. ఇంజిన్ అందుకుంది.

సీటు వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు.

అమ్మ వచ్చింది. చీకట్లో నా తల నిమిరింది. ఆ చెయ్యి తగిలి ఎన్నేళ్లయిందో...

"రవీ," అంది గుసగుసగా. "తిను బిడ్డా."

కాదనాలి. నేను మహేందర్‌నమ్మా అనాలి.

"ఆఁ... అమ్మా," అన్నాను.

ముద్ద పెట్టింది. ఉప్పగా ఉంది. నా కన్నీళ్లేమో అనుకున్నాను. ఇంకో ముద్ద. ఇంకోటి. కడుపు నిండింది. అప్పుడు నా కింద సీటు మెల్లగా కుంగింది... గరగరమని లోపల ఏదో కదిలింది.

పొద్దున బాపు వచ్చి సీటు తడిమి చూశాడు. ఒక్క కుట్టు తెగలేదు. ఎక్కడా చిరగలేదు. కానీ పైతోలు అడుగుకు అంటుకుపోయింది. లోపల గడ్డి లేదు. చొక్కాలు లేవు.

"నిన్న ఇండ్ల ఎవలు కూసున్నరు?"

వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. ఎన్నాళ్లకో గొంతు ఖంగుమంది.

"రవీ! బువ్వ తిందువు రా బిడ్డా!"

నేనే కూర్చున్నానని బాపుకు చెప్పబోయాను. గొంతులో ఏదో గుచ్చుకుంది. దగ్గాను... మళ్లీ దగ్గాను.

అరచేతిలో ఎండు గడ్డిపరక పడింది. దానికి అన్న చొక్కా నీలం దారం చుట్టుకుని ఉంది.