తాంగ్ మేస్త్రి శనివారం చేప

"ఇది మా నాన్న పట్టిన చేప. పొలుసు తీసి ముక్కలు కొట్టివ్వండి," అంటూ ఆ అమ్మాయి ఎర్ర బకెట్ తెచ్చి నా బల్ల మీద దబ్బుమని పెట్టింది. బకెట్లో నీళ్ళు ఎగిరి సగం నా ముఖాన పడ్డాయి.

చైనాలో మా షియాంగ్‌యాంగ్ ఊళ్ళో మా సూపర్‌మార్కెట్ అంత పెద్దది ఇంకోటి లేదు. కూరగాయలు దాటి, గుడ్ల దగ్గర క్యూ కట్టిన పెద్దమ్మల్ని దాటి, బతికున్న చేపల తొట్ల దాకా వస్తే రబ్బరు బూట్లతో నేనుంటాను. పేరు చియు వెన్‌బో. ఆరేళ్ళుగా చేపల్లోనే మునిగున్నాను. అల్లం రుద్దినా, నిమ్మకాయ రుద్దినా వాసన పోదు. మా అమ్మ చూసిన సంబంధాల్లో ఏ అమ్మాయీ నా ఎదురుగా టీ చల్లారేదాకా కూర్చోలేదు.

ముఖం తుడుచుకుని, "ఇక్కడ కొన్న చేపలే శుభ్రం చేస్తాం మేడమ్. బిల్లుందా?" అన్నాను.

"రిజర్వాయర్లో గేలం వేస్తే బిల్లెవరిస్తారండీ? పొద్దున్నే నాలుగింటికి లేచి వెళ్ళాడు పాపం మా నాన్న."

బకెట్లోకి తొంగి చూశాను. రెండు కిలోల గడ్డిచేప. దాన్ని గంట క్రితం అదే బకెట్లో వేసింది నేనే.

అయితే ఈ పిల్ల తాంగ్ మేస్త్రి కూతురన్నమాట.

తాంగ్ మేస్త్రి బేరింగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ప్రతి శనివారం చీకటుండగానే వెళ్ళి రిజర్వాయర్ గట్టున కూర్చుంటాడు. చేపలకి ఆయనంటే ఎందుకో గిట్టదు. ఆయన ఉండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చదరంగం ఆడే ముసలాళ్ళు ముందు ఆయన బకెట్ చూసి, తర్వాతే ముఖం చూస్తారు. మా ఊళ్ళో గేలం పట్టినవాడు వట్టి బకెట్‌తో ఆ గేటు దాటడం కన్నా గోడ దూకడం నయం. అందుకని మేస్త్రి రిజర్వాయర్ నీళ్ళు, కాస్త నాచు బకెట్లో పోసుకుని తిన్నగా నా దగ్గరికొస్తాడు. కవరొద్దు, ధర స్టిక్కరొద్దు, చేప మాత్రం గిలగిల కొట్టుకుంటూ ఉండాలి.

"అబ్బాయ్, ఈ సంగతి నీ కడుపులోనే ఉండాలి," అన్నాడు మొదటిరోజే.

"ఉంటుంది మేస్త్రీ," అని మాటిచ్చాను. ఇలాంటి పెద్దమనుషులు నాకు ఇంకో నలుగురున్నారు. డాక్టరు రోగి జబ్బు నలుగురికీ చెప్పడు కదా.

"ఏమిటలా చూస్తున్నారు? మా నాన్న చేప బాలేదా?" అంది ఆ అమ్మాయి.

"చాలా బాగుంది. మీ నాన్నగారి చెయ్యి మంచిది," అని కత్తి తీసుకున్నాను.

"రూలన్నారు?"

"ఈ ఒక్కసారికి."

ఆ ఒక్కసారి ప్రతి శనివారం అయింది. ఆ అమ్మాయి పేరు తాంగ్ రుయీ. మా మూడో అంతస్తులోనే కళ్ళజోళ్ళ షాపులో పని. వాళ్ళ అమ్మకి చేప వాసన పడదట, నాన్నేమో బకెట్ దించగానే నిద్రపోతాడట. నేను పొలుసు గీకుతుంటే ఆమె బల్ల అవతల నిలబడి నన్ను గీకేది.

"మీకు కళ్ళ పరీక్ష చెయ్యాలి. తలకాయ ముక్క చిన్నదయింది."

"తలకాయ చేపదండీ, నాది కాదు."

"మీదైతే ఇంకా చిన్నదయ్యేది."

నేను ముక్కలు కొట్టడం నెమ్మది చేశాను. రెండు నిమిషాల పని పావుగంటకి సాగింది. వెనక క్యూలో పెద్దమ్మలు, "ఏం బాబూ, చేపకి జడ వేస్తున్నావా?" అని దెప్పేవారు. శుక్రవారం రాత్రి నుంచే నాకు నిద్రపట్టేది కాదు. ఆ పిల్లంటే నాకు ఇష్టం. దాచడమెందుకు, పిచ్చి ఇష్టం.

అన్నీ బాగానే ఉండేవి, ఒకరోజు ఆమె మాటల్లో మాటగా ఆ కబురు చెప్పకపోయి ఉంటే.

"కిందటేడు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. బ్యాంకులో ఉద్యోగమన్నాడు. ఏడు నెలలు రోజూ బ్యాంకు కబుర్లే. తీరా చూస్తే ఉద్యోగమే లేదు. మనిషి ఎలా ఉన్నా సర్దుకుంటాను వెన్‌బో గారూ. కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పేవాణ్ణి మాత్రం గడప తొక్కనివ్వను."

నేను కళ్ళు చేప మీదే పెట్టి పొలుసు గీకాను. వారం వారం ఆమె కళ్ళలోకి చూస్తూ, 'రిజర్వాయర్ చేప రుచే వేరండీ' అంటున్నది నేనే మరి.

మరుసటి శనివారం వాన. పైగా మా షాపులో సభ్యుల తగ్గింపు రోజు. తొమ్మిదికల్లా పెద్దమ్మలు గడ్డిచేపలు, బంగారుతీగ చేపలు తుడిచిపెట్టేశారు. మేస్త్రి తడుస్తూ వచ్చేసరికి ఒక్క తొట్టిలో ఒక్క చేప మిగిలింది. పళ్ళెంలా బల్లపరుపుగా, రెండు కళ్ళూ ఒకే వైపున ఉండే సముద్రపు చేప.

"అదే వెయ్యి," అన్నాడు.

"మేస్త్రీ, మీకు దణ్ణం పెడతాను. అది ఉప్పునీళ్ళ చేప."

"ఉప్పు మా ఆవిడ వేస్తుందిలే."

"మన రిజర్వాయర్లో ఇది ఉండదండీ. సముద్రం ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లు."

"ఎవడు కొలిచాడు? గేటు దగ్గర గావ్ ముసలాడు కాచుకుని కూర్చున్నాడు. వట్టి బకెట్ చూశాడంటే పండగ దాకా నన్ను బతకనివ్వడు. వెయ్యవయ్యా."

వేశాను. వేసినందుకు గంట తిరక్కుండానే ఫలితం అనుభవించాను.

రుయీ వచ్చింది. ఈసారి బకెట్ నెమ్మదిగా పెట్టింది. అదే ఎక్కువ భయపెట్టింది నన్ను. వెనక క్యూలో నలుగురు పెద్దమ్మలు చెవులు రిక్కించారు.

"ఇది మా నాన్న రిజర్వాయర్లో పట్టాట్ట," అంది. "కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదాన్ని, కళ్ళు ఎక్కడుండాలో నాకు తెలియదా? ఒకటే అడుగుతాను. ఇది మీ తొట్టిలోదేనా?"

నా ముందు రెండు గోతులున్నాయి. అవునంటే మేస్త్రి పరువు గంగలో కలుస్తుంది, ఇచ్చిన మాట పోతుంది. కాదంటే ఈ పిల్ల మళ్ళీ రాదు.

"నేను చెప్పలేను," అన్నాను.

"అంటే?"

"ఒకరికి మాటిచ్చాను. అందుకని చెప్పలేను. కానీ ఈ క్షణం నుంచి మీతో అబద్ధం కూడా చెప్పలేను. నా గురించి ఏదైనా అడగండి, ఉన్నదున్నట్టు చెబుతాను."

"సరే, మీ గురించే అడుగుతాను. మీ రూలు ప్రకారం బిల్లు లేని చేప ముట్టుకోకూడదు. ఇన్ని వారాలుగా మా చేప ఎందుకు కోస్తున్నారు?"

చేతులు తుడుచుకుని ఆమె కళ్ళలోకి చూశాను.

"మీరు మళ్ళీ వస్తారని," అన్నాను. "చేప కోసం కాదు. మీ కోసం. వాసనొస్తానని తెలుసు. అయినా మీరంటే నాకు ఇష్టం."

క్యూలో ఎవరి చేతిలోదో గుడ్ల అట్ట కిర్రుమంది. రుయీ ఏదో అనబోయింది. అంతలో గుడ్ల వరస వైపు నుంచి తడిసిన చెప్పులు టపటపలాడించుకుంటూ తాంగ్ మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో గొడుగు కూడా లేదు.

"అమ్మాయ్, అతన్నేమీ అనకు," అన్నాడు రొప్పుతూ. "నిద్ర పట్టక లేచి చూస్తే నువ్వు వారం వారం లాగే ఆ చేప పట్టుకుని ఇక్కడికొచ్చావని మీ అమ్మ చెప్పింది. అది నేను కొన్నదే. పద్నాలుగు వారాల చేపలూ ఇక్కడివే. నేను ఒక్కటంటే ఒక్కటి పట్టలేదు. చెప్పొద్దని అతని చేత మాట తీసుకున్నాను. అబద్ధమాడింది నేను. తిడితే నన్ను తిట్టు."

పెద్దమ్మల ముందు తలొంచుకుని నిలబడ్డాడు. గేటు దగ్గర ముసలాళ్ళకి ఈ కబురు సాయంత్రంలోపే అందుతుందని ఆయనకీ తెలుసు.

రుయీ చేతిరుమాలు తీసి ఆయన తల తుడిచింది.

"తెలుసు నాన్నా. మొదటి వారమే తెలుసు."

"ఎలా?"

"బిల్లు కట్టేటప్పుడు పాయింట్ల కోసం నువ్వు ఎవరి ఫోన్ నెంబరు చెబుతావు?"

మేస్త్రి ముఖం పాలిపోయింది. "మీ అమ్మదే. పాయింట్లు ఊరికే పోతాయి కదా."

"గడ్డిచేప ఒకటి, రెండు కిలోలు, పాయింట్లు జమ అయ్యాయి అని అమ్మ ఫోన్‌కి మెసేజీ వస్తుంది. నువ్వు ఇంటికి రాకముందే చేప బరువు మాకు తెలుస్తుంది. ఆ పాయింట్లతో అమ్మ రెండు అట్టల గుడ్లు కూడా తెచ్చుకుంది."

"మరి ఒక్కమాటైనా అనలేదేం?"

"వారంలో ఆ ఒక్కరోజే నువ్వు నవ్వుతూ ఇంటికొస్తావు. పాడు చెయ్యొద్దంది అమ్మ."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు బకెట్ వైపు చూశాడు.

"అవునే, మీ అమ్మ ముప్పై ఏళ్ళుగా చేపలు తనే శుభ్రం చేస్తుంది. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వదు. వారం వారం నువ్విక్కడికి ఎందుకు మోసుకొస్తున్నట్టు?"

రుయీ చెవుల దాకా ఎర్రబడింది. నేను ఆయన వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాను. నాకింకా అర్థం కాలేదు. క్యూలో ముందున్న పెద్దమ్మకి సహనం చచ్చిపోయింది.

"ఒరే చేపలబ్బాయ్, నీకూ రెండు కళ్ళూ ఒకే వైపున్నాయట్రా?"

"అడిగానని ఏమీ అనుకోకు వెన్‌బో," అంది రుయీ తలొంచుకుని. గారు ఎక్కడో జారిపోయింది. "నాకు అబద్ధం చెబుతావో, మా నాన్నని బయటపెడతావో చూద్దామనుకున్నాను. నువ్వు రెండూ చెయ్యలేదు."

మేస్త్రి చాలాసేపు నా వంక ఎగాదిగా చూశాడు. అలా ఆయన చేపల్ని చూస్తాడని తెలుసు, మనుషుల్ని చూడడం ఇదే మొదటిసారి.

"వచ్చే శనివారం సెలవు పెట్టు," అన్నాడు. "నాతో రిజర్వాయర్‌కి రా. గేలం పట్టడం నేర్పిస్తాను."

"చేప పడకపోతే మేస్త్రీ?"

"పడదు," అన్నాడాయన నా తడి భుజం మీద చెయ్యి వేసి. "వట్టి బకెట్ చెరోవైపూ పట్టుకుని గేటులోంచే వద్దాం. గావ్ ముసలాడు అడిగితే, అల్లుడు దొరికాడని చెబుతాను."