చచ్చిన ట్యూనర్ చిరునామా

అయినా చచ్చిపోయిన మనిషి మీసం ఎంత పొడుగుండేదో ఎవరికి గుర్తుంటుంది, అనుకున్నాడతను అద్దం ముందు. పెదవి అంచు దాటేదా, అంచు దగ్గరే ఆగేదా? పాస్‌పోర్ట్ ఫొటోలో ఆగింది. కానీ ఫొటో తీసిన రోజుకి ఆ మనిషి పుట్టి రెండు రోజులే అయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. నాలుగేళ్ళలో మీసం పెరగదూ?

జిగురు రాసి అంచు దాకానే అంటించాడు. గోధుమరంగు కోటు తొడుక్కున్నాడు. గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కుడికాలు కాస్త ఈడ్చే నడక అడక్కుండానే వచ్చేసింది. కోటు జేబులో చెయ్యి పెడితే ఉక్కు చల్లగా తగిలింది. శ్రుతిదండం. పిడి మర తిప్పితే లోపల మైక్రోఫిల్మ్ చుట్ట పట్టేంత బోలు. అది పదకొండేళ్ళుగా అక్కడే ఉంది, జేబు తనది కాదన్నట్టు అతనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈ వేషం సంగతి ఆ పొద్దున ఎనిమిదింటికే చీఫ్ పిలిపించి చెప్పాడు.

"నీ ట్యూనర్ మళ్ళీ బతకాలోయ్."

"చంపింది మీరే కదా సార్."

"ఇప్పుడు లేపమంటున్నదీ నేనే. ఇది విను."

రికార్డింగ్. పబ్లిక్ ఫోన్ రొద, ఒక దగ్గు, భయం భయంగా ఒక గొంతు. "ట్యూనర్ గారికి మెయిల్ పెట్టాను. అందలేదా?" లైన్ కట్.

"మేనత్త," అన్నాడతను.

"మేనత్తే. జలుబు చేసినట్టుంది పాపం."

మేనత్త అంటే కోడ్‌నేమ్. మనిషి మాత్రం బట్టతల మగవాడు, శత్రుదేశపు ఓడరేవు ఆఫీసులో టైపిస్టు. పియానోలు శ్రుతి చేసే ట్యూనర్ వేషంలో తను సరిహద్దు దాటి వెళ్ళొచ్చే రోజుల్లో ఓడరేవు క్లబ్బులో దొరికాడు. ఏ ఓడలో ఏ ఆయుధాలు వస్తున్నాయో టైపు చేసేటప్పుడు ఒక కార్బన్ ఎక్కువ వేసేవాడు. మేనత్తకి తెలిసిన చిరునామా ఒక్కటే: ట్యూనర్ సొంత వెబ్‌సైట్ మీద ఉన్న మెయిల్.

"ఎందుకు అందలేదు?"

"సైట్ పేరు, అదే డొమైన్, గడువు తీరింది. ఏటా ట్యూనర్ బ్యాంకు కార్డు మీంచి చెల్లింపు జరిగిపోయేది, ఆ కార్డు కాలం చెల్లింది. నెల్లాళ్ళుగా సైట్ చీకటి."

"రిమైండర్లు వచ్చుండాలే."

"వచ్చాయి, ట్యూనర్ మెయిల్‌బాక్స్‌కి. అది చూసే నాథుడేడీ? పాస్‌వర్డ్ మారుద్దామంటే ఆ లింకూ అక్కడికే పోతుంది. ఆ మెయిల్‌బాక్స్ ఏమో ఆ డొమైన్ మీదే నడవాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నారు ఎవరో మహానుభావులు."

ఆ మహానుభావుడు తనే. ట్యూనర్‌కి బయటి ప్రపంచంతో ఇంకే పోగూ ఉండకూడదని అప్పట్లో తెలివిగా చేశాననుకున్నాడు.

"మేనత్త పంపిన మెయిల్ ఇంకా దారిలోనే ఉందట," అన్నాడు చీఫ్. "తలుపు తెరుచుకోకపోతే ఐదు రోజుల పాటు కొన్ని గంటలకోసారి వచ్చి తడుతుందని టెక్నికల్ వాళ్ళు చెబుతున్నారు. ఈ రోజు ఐదోది. ఒంటిగంటకి పేరు బజారున పడుతుంది. అది కొనేయడానికి అవతలి దేశం వాళ్ళ ప్రోగ్రాములు కాచుక్కూచున్నాయి. పేరు వాళ్ళది కాగానే ఆ మెయిల్ వాళ్ళ ఒళ్ళో పడుతుంది."

"మేనత్త సంగతి?"

చీఫ్ కాలర్ లోపల వేలు పెట్టి వదులు చేసుకున్నాడు. అదే జవాబు.

"మనమే అధికారికంగా అడిగితే?"

"రికార్డుల్లో మన చెయ్యి కనబడుతుంది. అప్పుడూ మేనత్తకి ఉరే. ఓనర్ స్వయంగా వెళ్ళాలి, సంతకం పెట్టాలి, ఆలస్యరుసుం కట్టాలి. మెయిల్ తెచ్చి నాకివ్వు. నువ్వు మాత్రం జవాబు రాయకు. మేనత్త అక్కడ లోపలుంటేనే మనకి పని."

ఈ మాట పదకొండేళ్ళ కింద ఇదే కుర్చీలో కూర్చుని విన్నాడు. అప్పుడు మేనత్త రెండు మాటలు రాశాడు: రానా, ఉండనా? జవాబు రాయొద్దన్నారు. రాయలేదు. ఆ వారమే ట్యూనర్ పడవ బోల్తాపడి చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి. ఆ రెండు మాటలు అతన్ని వదల్లేదు. స్నానం చేస్తుంటే వినిపించేవి, లిఫ్ట్ ఆగి తలుపు తెరుచుకునే లోపు వినిపించేవి. ఏటా వారం సెలవు పెట్టి సరిహద్దు దాకా వెళ్ళేవాడు. మేనత్తని దాటించడానికి ఏర్పాటు చేసిన పాత దారి, రాళ్ళ లారీల దారి, ఇంకా తెరిచే ఉందని చూసి వచ్చేసేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు.

డొమైన్లు అమ్మే కంపెనీ ఒక కళ్ళద్దాల దుకాణం మీద, మూడో అంతస్తులో ఉంది. మూడు బల్లలు, ఒక కౌంటర్, గోడకి గడియారం. పన్నెండున్నర. కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా పాస్‌పోర్ట్ చూశాడు, కంప్యూటర్ చూశాడు, అతన్ని చూశాడు.

"సార్, మీరు చనిపోయారు."

"అది పొరపాటండి."

"ఎవరిది?"

"ఇంట్లోవాళ్ళది."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "మరి మీ ఆవిడ పది నిమిషాల కిందే వచ్చారండి, వారసురాలిగా. డెత్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అదిగో, అక్కడ."

అతను అటు తిరిగాడు. కిటికీ పక్క కుర్చీలో తెల్లటి దుస్తుల్లో ఆమె కూర్చుని ఉంది. ఫైళ్ళలో ఆమె పేరు వెల్వెట్. ఇటువాళ్ళకి రహస్యాలమ్మి, అటువాళ్ళకి మనుషుల్నమ్మి, రెండు దేశాల జీతం మీద బతికిన మనిషి. వయసు ఆమెని తాకడానికి మొహమాటపడినట్టుంది.

మొదటిసారి కలిసిన రోజు కూడా ఇలాగే వచ్చింది. డొమైన్ కొన్నవాళ్ళ ఇంటి అడ్రస్ అందరికీ కనబడే రిజిస్టర్‌లో ఉంటుంది. దాన్ని దాచడానికి ఏడాదికి ఒక సినిమా టికెట్టంత ఖర్చు. అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు దాన్ని అనవసరం అని కొట్టేశారు. ఆ అడ్రస్ పట్టుకుని ఆమె తలుపు తట్టింది. మా పియానో శ్రుతి చేస్తారా అంది. వెళ్ళి చూస్తే ఇంట్లో పియానో లేదు. ఆమెని కనిపెట్టి ఉండమని అతనికి ఆర్డర్ వచ్చింది, అతన్ని కనిపెట్టి ఉండమని ఆమెకి వచ్చింది. ఇద్దరూ ఆర్డర్ల మీదే రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. అతను పోయినట్టు డెత్ సర్టిఫికెట్ పుట్టాక, రూలు ప్రకారం ఒక కాపీ భార్యకి పోస్టులో వెళ్ళింది. పంపింది అతని డిపార్ట్‌మెంటే.

"అమ్మా, ఒకసారి ఇలా రండి," అన్నాడు గుమాస్తా. "ఈయన మీ ఆయనేనా?"

ఆమె దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూసింది. రెప్ప కదల్లేదు.

"కాదు. మా ఆయన పోయారు. ఈయనెవరో బాగానే వేషం కట్టారు."

"మీసం అచ్చం ఇలాగే ఉందే ఫొటోలో?"

"మీసాలు బజార్లో దొరుకుతాయి." ఆమె కౌంటర్ మీద వేలితో నెమ్మదిగా తట్టింది. "మా ఆయనది ఎడమచేతి వాటం. సంతకం పెట్టించండి."

ఆమెకి తెలుసు. ఎడమచేతి వాటం ట్యూనర్‌ది, వేషం కట్టిన అతనిది కాదు. అయిదు నెలలు సాధన చేసి తెచ్చుకున్న చెయ్యి అది. పదకొండేళ్ళుగా ఆ చేత్తో పెన్ను పట్టలేదు. ఒకసారి జ్వరంలో కుడిచేత్తో గ్లాసు అందుకుంటే ఆమె చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

గుమాస్తా బీరువాలోంచి మొదటి అప్లికేషన్ తీశాడు. "మూడు పెట్టండి సార్. ఒక్కటి కలిసినా చాలు. రూల్సు మరి."

పన్నెండు నలభై ఎనిమిది.

మొదటి సంతకం కోడి గీరినట్టు వచ్చింది. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. రెండోది ఇంకా ఘోరం. తాను గుర్తు తెచ్చుకుని రాస్తున్నాడు, అదే తప్పు. ట్యూనర్ గుర్తు తెచ్చుకుని రాసేవాడు కాదు. వాడు చెవితో బతికేవాడు. ముందు వినేవాడు, తర్వాత చెయ్యి కదిలేది.

జేబులోంచి శ్రుతిదండం తీశాడు. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

సన్నటి నాదం. దాని వెనక గదులు వచ్చాయి, ఎవరెవరివో ఇళ్ళు. మూతలు తెరిచిన పియానోలు, గొడవలు జరిగే ఇళ్ళలో ఎప్పుడూ ముందు వదులయ్యే పై తీగలు. ఆ ఇళ్ళ గురించే వెబ్‌సైట్‌లో నలభై ఒక్క నోట్స్ రాశాడు. వేషం నమ్మకంగా ఉండడానికి నాలుగు రాస్తే చాలన్నారు. అతను ఆగలేకపోయాడు. జీవితంలో అబద్ధం లేకుండా రాసిన కాగితాలు అవే, వాటి కింద ఉన్న పేరేమో లేని మనిషిది.

నాదం ఆగేసరికి కాగితం మీద మూడో సంతకం ఉంది. ఎవరు పెట్టారో అతను చూడలేదు.

గుమాస్తా భూతద్దం పెట్టాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, చివరి మెలిక దాకా వెళ్ళాడు.

"కలిసింది," అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆయన బతికే ఉన్నారు. సంతోషించండి."

పన్నెండు యాభై ఐదు.

"త్వరగా కానివ్వండి," అన్నాడతను.

"రుసుం, దాని మీద ఆలస్యరుసుం. మొత్తం పాత రేటుకి పన్నెండింతలవుతుంది సార్, ఏమనుకోకండి. ఎన్నేళ్ళకి?"

చీఫ్ ఇచ్చింది ఒక ఏడాదికి. "పదేళ్ళకి," అన్నాడు, మిగతాది సొంత పర్సులోంచి తీస్తూ.

"అడ్రస్ దాచడానికి ఎక్స్‌ట్రా..."

"దాచండి."

"మెయిల్ వేరేది ఇవ్వండి. ఈసారైనా తాళంచెవి ఇంటి బయట పెట్టుకోండి సార్."

ఒక్క క్షణం ఆగి, తన సొంత మెయిల్ రాసిచ్చాడు. డిపార్ట్‌మెంట్‌కి తెలిస్తే ఉద్యోగం ఊడే పని. గుమాస్తా మీట నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. పన్నెండు యాభై తొమ్మిది. చక్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడో ఒక గదిలో కొన్ని ప్రోగ్రాములు నోరు తెరుచుకుని ఉన్నాయి. గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీద పడబోతుండగా చక్రం ఆగి, పచ్చటి టిక్కు మెరిసింది.

"నూరేళ్ళాయుష్షు సార్," అన్నాడు గుమాస్తా, లంచ్ బాక్స్ తీస్తూ.

మెట్ల మీద ఆమె ముందు దిగుతోంది. రెండో అంతస్తు మలుపులో ఆగింది. చేతిసంచీ మూత తెరిచే ఉంది. అతను దాని వైపే చూశాడు. ఆమె అది గమనించి మూత వేసేసింది.

"ఏవండీ," అంది.

పదకొండేళ్ళ తర్వాత ఆ పిలుపు. అతను తిరిగి చూడకుండా ఉండలేకపోయాడు.

"ఆ నలభై ఒకటో నోట్. పియానో లేని ఇల్లు. అది నా గురించేనా?"

"ట్యూనర్ రాశాడు. వాణ్ణే అడుగు."

"అడిగాను. చచ్చిపోయాడన్నారు." గొంతులో వణుకులాంటిది ఒకటి వచ్చి పోయింది. నిజమో కాదో ఆమెకైనా తెలుసో లేదో. "కింద కారులో ఇద్దరున్నారు. నా కోసమే, మీ కోసం కాదు. ఉత్తచేతులతో వస్తే ఏం చేయాలో వాళ్ళకి ముందే చెప్పారు."

"వెనక మెట్లున్నాయి," అన్నాడతను. "కళ్ళద్దాల దుకాణం స్టోర్‌రూమ్‌లోంచి సందులోకి."

ఆమె అతని మీసం కొసని వేలితో తాకి, ఊడబోతున్న అంచుని అద్దింది. అటే వెళ్ళిపోయింది.

కళ్ళద్దాల దుకాణంలో బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగు వైపులా అద్దాలు. ప్రతి దానిలోనూ గోధుమరంగు కోటు మనిషి. వీధిలో నల్లకారు చాలాసేపు ఆగి ఉండి, ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. ఫోన్ తీసి సైట్ పేరు కొట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నలభై ఒక్క నోట్స్ ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి, నెలరోజులు ఊళ్ళో లేని మనిషి ఇంట్లో కిటికీలు తెరుచుకున్నట్టు.

ఒంటిగంటా ఇరవైరెండుకి మెయిల్ వచ్చి పడింది. ఐదు రోజులు తలుపు తట్టిన మెయిల్.

"ఇక్కడ టైపిస్టులందర్నీ ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. బుధవారం నా వంతు. రానా, ఉండనా?"

ఈ రోజు సోమవారం.

ఫోన్ మోగింది. చీఫ్.

"అందిందా?"

"అందింది సార్."

"జవాబు రాయకు. వింటున్నావా? అది నా ఆర్డర్."

"ఎవరికి సార్?"

"నీకేనోయ్!"

"నాకైతే సరే సార్," అని ఫోన్ పెట్టేశాడు.

అద్దాల్లో మనిషి అతని వంకే చూస్తున్నాడు. తొందరపెట్టడం లేదు, పదకొండేళ్ళు ఎదురుచూసినవాడికి ఇంకో నిమిషం లెక్కా? అతను ఫోన్‌ని కుడిచేతిలోకి మార్చుకున్నాడు. "వచ్చేయండి. రాళ్ళ లారీల దారి తెరిచే ఉంది," అని టైపు చేసి, కింద ట్యూనర్ పేరు పెట్టాడు.

ఆ తర్వాత, రికార్డుల ప్రకారం భూమ్మీద నూకలు చెల్లి పదకొండేళ్ళయిన ఆ మనిషి, ఎడమచేతి చూపుడువేలితో సెండ్ నొక్కాడు.