పన్నెండు తెరల మీద ఒకే మాట

ఆ పన్నెండు డబ్బాలను చూడగానే మెకానిక్‌కు నవ్వాగలేదు. ఏదో ఆఫీసు మూసేస్తూ లైబ్రరీకి అంటగట్టిన థిన్ క్లయింట్ కంప్యూటర్లు అవి. సొంత బుర్ర తక్కువ, పెద్ద సర్వర్ చెప్పినట్టు ఆడడమే వాటి బతుకు. ఆ సర్వరేమో ఎప్పుడో పోయింది.

"నవ్వడానికైతే మీరు రానక్కర్లేదు. ఆ పని మా బాబాయి చేసి వెళ్లారు," అంది లైబ్రేరియన్.

లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు ఆమె బాబాయే. నెలాఖరులోగా ఇవి పనిచేయకపోతే తుక్కువాడికి వేసి, గదిని విరిగిన కుర్చీలకు ఇచ్చేస్తానన్నాడట.

మెకానిక్ అప్పుడు ఆమె ముఖం చూశాడు. చూడకుండా ఉండాల్సింది. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి మూడు రోజుల్లో లేపి నిలబెడతానని మాటిచ్చేశాడు. డబ్బాకొక పెన్‌డ్రైవ్. అందులోంచి సిస్టమంతా మెమరీలోకి ఎక్కుతుంది, ఆపేస్తే ఆ రోజు చేసిందంతా మరిచిపోతుంది. ఒకరు చదివింది ఇంకొకరికి కనపడదు గనక లైబ్రరీకి ఈ మతిమరుపే మేలని ఆమె తేల్చింది.

మూడు రోజుల పని మూడు వారాలు సాగింది. ఒకరోజు కేబుల్ మరిచిపోయేవాడు, ఒకరోజు స్క్రూడ్రైవర్. డబ్బాల జబ్బు మీకూ అంటుకుందా అని ఆమె దులిపేసేది. ఆ దులపరింపు కోసమే అతను మరిచిపోయేవాడు. లినక్స్ గురించి గంటసేపు వాయించగల మనిషి అసలు మాట దగ్గరికొచ్చేసరికి మళ్లీ కేబుళ్ల గురించే ఎత్తుకునేవాడు. పని అయిపోతే మళ్లీ రావడానికి సాకుండదు. ఆ దిగులుతో అతనికి అన్నం సయించడం మానేసింది.

చివరికి, అన్ని పెన్‌డ్రైవుల్లోకీ నకలు తీయాల్సిన మాస్టర్ కాపీ తయారైంది. తెలుగు టైపింగ్ పరీక్షించాలి కదా అని ఒక వాక్యం కొట్టాడు. చెరిపేద్దామనుకునేలోగా ఆమె టీ తెచ్చింది. గబుక్కున తెర ఆపి టీ తాగాడు. తాగిన ఆనందంలో వాక్యం సంగతి మరిచి ఆ కాపీనే పన్నెండింటికీ ఎక్కించాడు.

మర్నాడు బాబాయి గంభీరంగా స్విచ్ వేశాడు. పన్నెండు తెరలూ వెలిగాయి. పన్నెండింటి మీదా ఒకటే మాట: "లైబ్రేరియన్ గారూ, మీ తిట్లు లేనిదే నాకు పొద్దు గడవడం లేదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

మెకానిక్ ఉరికి ఒకదాంట్లో చెరిపాడు. బాబాయి తాపీగా దాన్ని ఆపి మళ్లీ వేశాడు. వాక్యం మళ్లీ వచ్చింది.

"ఏవయ్యా, ఇది పోదా?"

టెస్టింగ్ కోసం రాశానంటే పరువు దక్కేది. అమ్మాయి దక్కేది కాదు.

"మాస్టర్ కాపీలోనే ఉందండీ," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ. "పోవాలని నాకూ లేదు."

ఆమె ఒక తెర ముందున్న కుర్చీలో కూర్చుని ఆ వాక్యం కింద ఏదో కొట్టింది. బాబాయి కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. "సరే" అని ఉంది. మెషీన్లు పనిచేస్తున్నట్టేనని ఒప్పుకుని, ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రావయ్యా అని మెకానిక్‌తో చెప్పాడు.

మెకానిక్ ఆ రెండక్షరాలను చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"చూస్తూ కూర్చుంటే సాయంత్రం ఆపగానే నా జవాబు పోతుంది," అంది ఆమె. "ముందు దాన్ని మాస్టర్ కాపీలోకి ఎక్కించండి."