పేర్లు చెరిపిన దొంతులు

“నా మీద నమ్మకం లేదా అమ్మా?” అని అడిగింది నాగమణి. ఆ మాట అడగడం ఆమెకు కొత్తేమీ కాదు... కానీ ఇవాళ కళ్ళనీళ్ళతో అడిగింది!

మార్కాపురంలో వాళ్ళది పలకల కార్ఖానా. తండ్రి పోయినప్పటి నుంచీ తల్లి రామతులసమ్మే నడుపుతోంది. పలకను వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటే మంచిదనీ, డొల్లగా పలికితే లోపల పగులుందనీ ఏరి పెట్టే పని ఐదేళ్ళుగా నాగమణిదీ, తమ్ముడు ఉమామహేశ్వర్లుదీ. ఎవరి దొంతి మీద వాళ్ళ పేరు బలపంతో రాస్తారు. కూతురి దొంతిని అమ్మ రోజూ మళ్ళీ తట్టి చూస్తుంది. కొడుకు దొంతి మాత్రం నేరుగా లారీ ఎక్కుతుంది! అడిగినా ఫలితం లేక నాగమణి ఇన్నాళ్ళూ పళ్ళబిగువున ఓర్చుకుంది. ఈ ఉదయం పనివాళ్ళందరి ముందూ అమ్మ, “ఇంక ఏరే పని పెత్తనం తమ్మునిదే. నీ చేతి పలకలు రెండోసారి చూడాల్సి వస్తాది గదా!” అనేసింది. కన్నతల్లే అంత మాటంటే ఇంకెవరితో చెప్పుకోవాలి!

నాగమణి కళ్ళు తుడుచుకుని లేచింది. తల్లిని అటు తిరిగి కూర్చోమని, రెండు దొంతుల మీదా పేర్లు తడిగుడ్డతో చెరిపేసింది. కార్ఖానాలో పనిచేసే మాలకొండమ్మ వాటి చోట్లు మార్చింది.

“ఇప్పుడు రెండూ తట్టమ్మా!”

మొదటి దొంతి మొత్తం ఖంగుమంది. రెండోదాంట్లో నాలుగు పలకలు డొల్లగా పలికాయి.

“చూసినావా మణీ? నేను చెప్పేది ఇందుకే. ఇది నీదే!”

మాలకొండమ్మ నోరు నొక్కుకుంది. “కాదక్కా... అది మీ అబ్బాయి ఏరింది.”

ఉమామహేశ్వర్లు తల దించుకున్నాడు. రామతులసమ్మ చేతిలో పలకను మళ్ళీ తట్టింది, డొల్లగానే పలికింది.

“కావాలని చేయలేదు తల్లీ! ఆడపిల్ల చెయ్యి, ఏమరుపాటుంటాదని నా మనసులో ఎప్పుడు పడిందో నాకే తెలీదు... నేను ఏరిన పలకల్ని మీ నాయన గూడా ఇట్లనే మళ్ళీ తట్టేవాడు. ఎంత ఏడ్చినానో! మళ్ళీ అదే నీకు చేస్తిని...”

“నాయన చేసినందుకు నువ్వు ఏడ్చినావు. నువ్వు చేస్తే నేనెవరి ఒళ్ళో ఏడవాలమ్మా?”

తల్లి కూతురి రెండు చేతులూ పట్టుకుని, ఏరే పని పెత్తనం ఆమెకే అప్పగించింది. నాగమణి కాదనలేదు, అలాగని నవ్వనూ లేదు.

మర్నాడు ఆమె పెట్టిన కట్టుబాటు ఇది. దొంతుల మీద పేర్లు రాయకూడదు, అన్నీ రెండోసారి తట్టాలి, ముందు తనవే! రామతులసమ్మ ఒక్కొక్కటీ తడుతూ కొడుకు ఏరిన దొంతి దాకా వచ్చేసరికి, అతను తనదని గుర్తుపట్టి చిన్నబుచ్చుకున్నాడు.

“నా మీద నమ్మకం లేదా అమ్మా?”

“ఆ మాట నేను ఐదేండ్లు అడిగినాన్రా!” అంది నాగమణి.

రామతులసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంకో పలక తీసి తట్టింది.