ఆదివారం మూడో కప్పు

లీసెల్ అతన్ని మొదటిసారి చూసినప్పుడు, అతని నోట్లో ఆమె నానమ్మ చేసిన కేకు ఉంది.

ఆస్ట్రేలియాలో టూవుంబా అనే ఊళ్లో ఏటా జరిగే షోలో వంటల పోటీల హాలు అది. ఆ ఏడాది ఎంట్రీలు ఎక్కువై, గాజు అల్మారాలు చాలక కొన్ని కేకుల్ని బయట బల్లల మీదే పెట్టారు. మధ్య బల్ల మీద నానమ్మ నోలా గారి పండ్ల కేకు, దాని పక్కన నీలం రిబ్బను. జడ్జి కోసి పెట్టిన ముక్క ఉండాల్సిన చోట మాత్రం రెండు పొడి రేణువులు మిగిలాయి.

"అది తినేది కాదు," అంది లీసెల్.

అతను గబుక్కున మింగాడు. "కేకే కదండీ?"

"చూడ్డానికి పెట్టింది. మొదటి బహుమతి వచ్చింది దానికి. పక్కన రిబ్బను కనపడ్డం లేదా?"

"రిబ్బను చూసే తిన్నాను. రెండో బహుమతిదాన్ని ఎవరు తింటారు?"

అతని మెడలో పేపరువాళ్ల కార్డు వేలాడుతోంది. పేరు డెక్లన్. బ్రిస్బేన్ నుంచి వచ్చి ఊరి పేపర్లో కొత్తగా చేరాడు. లీసెల్ ఇంకా నాలుగు తగిలించేదే కానీ, అంతలో టోపీ సర్దుకుంటూ నోలా గారు వచ్చారు. సంగతి విన్నారు. కోప్పడతారనుకుంటే, "ఎలా ఉంది బాబూ?" అని అడిగారు.

"ఇంకో ముక్క ఉంటే సరిగ్గా చెప్పగలనండి."

నోలా గారు నవ్వారు. ఇన్నేళ్లుగా ఆ బల్ల మీద కేకు పెడుతున్నా, జడ్జి తప్ప ఇంకొకరు రుచి చూసి చెప్పింది లేదట. అందరూ రిబ్బను చూసి భలే అని వెళ్లిపోయేవాళ్లే. కుర్రాడు మంచివాడని ఆవిడ అక్కడికక్కడే తేల్చేశారు. లీసెల్‌కి ఒళ్లు మండింది.

ఆ శనివారం పేపర్లో డెక్లన్ తన దొంగతనం గురించి తనే రాసుకున్నాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. సోమవారం తలనొప్పి మాత్రలకని లీసెల్ పనిచేసే మందుల షాపుకి వచ్చాడు. బుధవారం దగ్గు మందుకి వచ్చాడు. ఆ తర్వాత వచ్చినప్పుడు ఏం జబ్బు చెప్పాలో తోచక కౌంటరు ముందు నిలబడిపోయాడు.

"ఇవాళ ఎక్కడ నొప్పి?" అంది లీసెల్.

"అదే మీరు చూసి చెబుతారేమోనని."

ఆమె నవ్వాపుకోవడానికి వెనక అరల వైపు తిరిగింది. ఆ నవ్వు అతనికి అద్దంలో కనపడనే కనపడింది.

శనివారాలు పేపర్లో పాత ఊరి పేజీ అతనిదే. ఏ బేకరీ ఎక్కడుండేది, ఏ వరదకి ఏ వీధి మునిగింది, ఫలానా ఫొటోలో బ్యాండు వాయిస్తున్నది ఎవరి తాతయ్య, ఇలాంటివి. ఇద్దరూ సాయంత్రాలు వీధులు పట్టుకుని తిరిగేవాళ్లు. పాత పేపర్లలో ఉన్నది అతను చెప్పేవాడు, పేపర్లకి ఎక్కనిది ఆమె చెప్పేది. ఫలానా మేయరు గారి పెళ్లి ఎందుకు ఆగిందో, చర్చి గంట ఎందుకు పగిలిందో ఆమెకి తెలుసు. రాయకూడనిదైతే చివర్లో "ఇది రాయొద్దు" అనేది. అతను రాసేవాడు కాదు. ఆ మాట అనకపోతే శనివారానికల్లా అచ్చులో ఉండేది. అలా ఇద్దరికీ ఒక లెక్క కుదిరిపోయింది.

లీసెల్ చిన్నప్పటి నుంచి నానమ్మ దగ్గరే పెరిగింది. నోలా గారికి ఆస్తి ఏమీ లేదు, ఆ వంటల హాల్లో ఉన్న పేరే ఆవిడ ఆస్తి. ఆ హాల్లో అడుగు పెడితే జనం తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు. ఎండు ద్రాక్షలన్నీ ఒకే సైజులో ఉండేలా కత్తెరతో కత్తిరించాలి. చల్లార్చేటప్పుడు తీగల స్టాండు మీద తువ్వాలు పరవాలి, లేకపోతే తీగల గుర్తులు పడి మార్కులు పోతాయి. మధ్యలో ఓవెన్ తలుపు తీశారో, కేకు నడుం విరుగుతుంది. ఇవన్నీ ఆవిడ పిల్లకి ప్రార్థనలా నేర్పారు.

మరుసటి ఏడు షో దగ్గరపడేసరికి నోలా గారి చేతులు వణకడం మొదలైంది. కత్తెర పట్టుకుంటే ద్రాక్ష ఒక పక్కకి, వేలు ఒక పక్కకి పోతున్నాయి. "ఈసారికి మానేద్దాం నానమ్మా," అంది లీసెల్. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు లీసెల్ తట్టుకోలేకపోయింది. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే కత్తిరించింది, కలిపింది, కాల్చింది అంతా తనే. కేకు మాత్రం నోలా గారి పేరునే వెళ్లింది. పోటీలో పెట్టేది సొంత చేత్తో చేసిందై ఉండాలని రూలు. తనే చేశానని ఆవిడ సంతకం పెట్టి, ఆ కాగితం మళ్లీ చూడకుండా లీసెల్ చేతికిచ్చేశారు.

మళ్లీ నీలం రిబ్బనే వచ్చింది.

ఆ సాయంత్రం ఊరి చివర కొండ మీది పిక్నిక్ పాయింట్ దగ్గర పొగమంచు ఎక్కి వస్తోంది. లీసెల్, డెక్లన్ ఒకే పొట్లంలోంచి చిప్స్ తింటున్నారు. కడుపులో దాచుకోలేక చెప్పేసింది. "చేసింది నేనే తెలుసా? అంతా నేనే. జడ్జి కూడా కనిపెట్టలేకపోయింది."

అతను ఆమె చేతికి అంటిన ఉప్పు తన రుమాలుతో తుడిచి, చెయ్యి వదలడం మర్చిపోయాడు. ఆమె కూడా ఒకటి మర్చిపోయింది. "ఇది రాయొద్దు" అనలేదు.

శనివారం పేపర్లో సగం పేజీ వచ్చింది. చేతులు మారినా రుచి మారలేదని హెడ్డింగు. నానమ్మ, మనవరాలు నవ్వుతున్న ఫొటో. రూలు సంగతి డెక్లన్‌కి తెలియదు, అడగాలని తోచనూ లేదు. దాన్ని ప్రేమలేఖ రాసినట్టే రాశాడు. చదివితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. హాల్లో పెత్తనం చేసే కోరలీకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆవిడా, నోలా గారూ ఒకే బడిలో చదువుకున్నారు.

ఆ రోజు షోకి ఆఖరి రోజు. నోలా గారు మంచి టోపీ పెట్టుకుని, లీసెల్ వద్దంటున్నా వినకుండా హాలుకి వెళ్లారు. జనం ఎప్పటిలాగే తప్పుకున్నారు, కానీ ఈసారి ఎవరూ ఆవిడ కళ్లలోకి చూడలేదు. ఆవిడ కేకు పక్కనున్న రిబ్బను తీసి కోరలీ చేతిలో పెట్టారు.

"నువ్వు అడగలేవులే కోరలీ. నేనే ఇచ్చేస్తున్నా."

ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి. అది జబ్బు వల్లేనని లీసెల్ తనకి తాను చెప్పుకుంది.

మధ్యాహ్నం వాన మొదలైంది. సంగతి తెలిసి డెక్లన్ గొడుగు కూడా లేకుండా వాళ్లింటికి పరుగెత్తుకొచ్చాడు. లీసెల్ అతన్ని వరండా మెట్ల మీదే ఆపేసింది.

"నాకు రూలు తెలీదు లీసెల్. తెలిస్తే రాసేవాణ్ణా? నీ పేరు అందరికీ తెలియాలనుకున్నా, అంతే."

"నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా ఏడుపు. నీకు చెప్పుకున్నాను డెక్లన్. పేపరుకి చెప్పలేదు."

"లోపలికొచ్చి ఆవిడకి ఒక్క మాట చెప్పనీ."

"వద్దు. వెళ్లు."

అతను చాలాసేపు వానలోనే నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత మందుల షాపుకి రాలేదు. అతనికి నిజంగా జ్వరం వచ్చినా వేరే షాపుకే వెళ్లాడని ఎవరో అన్నారు.

అసలు కథ ఇక్కడితో అయిపోలేదు. లీసెల్ ఎవరికీ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది.

వారం గడిచాక నోలా గారు, "ఆ అబ్బాయిని ఆదివారం టీకి పిలవ్వే," అన్నారు. లీసెల్ తెల్లబోయింది. ఆవిడ ఆ పేపరు ముక్కని కత్తిరించి, ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నారు. "దొంగ సంతకం పెట్టినప్పటి నుంచి నాకు నిద్ర లేదు పిల్లా. వాడు రాశాక హాయిగా పడుకున్నా. నీ పేరు నా పేరు పక్కన అచ్చులో చూసుకున్నాను. నేను చెయ్యాల్సిన పని వాడు చేశాడు. ఆ మాట వాడికి నేనే చెప్పాలి."

లీసెల్ సరేనంది. ఫోను తీసింది, పెట్టేసింది. రిబ్బను ఇచ్చేస్తున్నప్పటి ఆ చేతులు కళ్లముందు మెదిలాయి. ఆవిడ క్షమించినంత మాత్రాన తను క్షమించాలా అనుకుంది. నానమ్మతో మాత్రం, "ఆదివారాలు అతనికి డ్యూటీ అట," అని చెప్పింది.

"వచ్చే ఆదివారం వస్తాడులే," అన్నారు నోలా గారు.

ఆవిడ ప్రతి ఆదివారం టేబుల్ మీద మూడు కప్పులు పెట్టించేవారు. గేటు చప్పుడైతే తల తిప్పి చూసేవారు. చీకటి పడ్డాక లీసెల్ ఆ మూడో కప్పుని కడక్కుండానే అల్మారాలో పెట్టేసేది. ఈ వారం పిలుద్దాం, వచ్చే వారం పిలుద్దాం అని తనూ అనుకుంటూనే ఉండేది. పంతం ఒక పక్క, ఇన్నాళ్లూ ఎందుకు పిలవలేదంటే ఏం చెప్పాలన్న సిగ్గు ఒక పక్క. చలికాలంలో నోలా గారికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆసుపత్రిలో కూడా ఒకసారి అడిగారు, ఆ అబ్బాయికి ఇంకా సెలవు దొరకలేదా అని. ఆ తర్వాతి ఆదివారం రాకముందే పోయారు.

చర్చిలో డెక్లన్ ఆఖరి వరసలో నిలబడ్డాడు. లీసెల్ అటు చూడలేదు. అప్పుడైనా చూడాల్సింది.

మళ్లీ మార్చి వచ్చింది, దాంతో పాటు షో కూడా. కోరలీ బతిమాలితే, లీసెల్ వంటల హాల్లో సాయానికి వెళ్లింది. పండ్ల కేకుల బల్ల మీద ఒకటి, చూస్తేనే నవ్వొచ్చేలా ఉంది. నడుం కుంగిపోయింది. పైన తీగల గుర్తులు చారలు చారలుగా ఉన్నాయి. ద్రాక్షలు ఒకటి గోలీ అంత, ఒకటి ఆవగింజ అంత. జడ్జి గారు కత్తి పెట్టి, ముఖం చిట్లించి, కార్డు మీద 'ఓవెన్ తలుపు ముందే తీశారు' అని రాశారు.

"సొంత చేత్తోనే చేశాడులే. ఎవరూ అనుమానించరు," అంది కోరలీ.

జడ్జింగ్ అయ్యాక కార్డు వెనక్కి తిప్పి పేరు చూసింది లీసెల్. డెక్లన్.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఎవరి కేకులు వాళ్లు పట్టుకుపోతుంటే అతనూ వచ్చాడు. కాస్త చిక్కాడు. ఆమెని చూసి ఆగిపోయి, తర్వాత కేకు వైపు చూపించాడు.

"ఇప్పుడైనా తినొచ్చా?"

ఆమెకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఇక దాచలేకపోయింది. బల్ల అవతల నిలబడే అంతా చెప్పేసింది. ఫ్రిజ్ మీది పేపరు ముక్క, ప్రతి ఆదివారం మూడు కప్పులు, తను ఆడిన అబద్ధం, ఆసుపత్రిలో ఆవిడ అడిగిన మాట.

డెక్లన్ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆవిడ నన్ను తిట్టుకుంటూ పోయారనుకున్నాను," అన్నాడు. "ఇన్నాళ్లూ అలాగే అనుకుంటూ బతికాను. ఒక్క ఫోను చేసుంటే చాలు కదా లీసెల్."

"అవును. చాలు."

"కోపం వస్తోంది నాకు."

"రానీ. నేను ఏమీ అనను."

అతను కేకు తీసుకుని, ఇంకేమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అతన్ని వానలో నిలబెట్టిన రోజు గుర్తొచ్చి, లీసెల్ ఆపలేదు.

మర్నాడు ఆదివారం. అలవాటు కొద్దీ ఆమె టేబుల్ మీద మూడు కప్పులు పెట్టింది. పెట్టాక గానీ నానమ్మ లేదని గుర్తు రాలేదు. రెండు తీసేద్దామని చెయ్యి చాపేసరికి గేటు చప్పుడైంది.

డెక్లన్ చేతిలో అదే కేకు ఉంది. "కోపం పోలేదు," అన్నాడు గడప దగ్గర. "అయినా వచ్చాను. ఆవిడ పిలిచారు కదా."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కేకు గొంతు దిగడానికి టీ కావాల్సి వచ్చింది.

"ఆవిడుంటే ఏమనేవారు దీన్ని?" అన్నాడతను.

"తలుపు ఎందుకు తీశావు బాబూ, అనేది."

"ఆగలేకపోయానండి, అనేవాణ్ణి."

లీసెల్ తల దించుకుంది. అతను ఆగలేక చెడగొట్టాడు, తను ఆగి ఆగి చెడగొట్టింది. అతను టేబుల్ మీదుగా చెయ్యి చాపి, ఆమె వేళ్లకి అంటిన కేకు పొడి రుమాలుతో తుడిచాడు. ఈసారి చెయ్యి వదలడం మర్చిపోలేదు. వదలకూడదనే పట్టుకున్నాడు.

"దీని గురించి రాయొద్దు," అంది లీసెల్.

"రాయను."

ఇన్నాళ్లూ అతని కోసం ఎదురుచూసిన మూడో కప్పులో ఆమె టీ పోసి, కిటికీ పక్కన నానమ్మ కుర్చీ ముందు పెట్టింది. ఇద్దరూ దాని వైపు చూస్తూ కూర్చున్నారు. అది చల్లారిపోయేదాకా ఎవరూ లేవలేదు.