ఎస్.కోట దగ్గర తిప్పేసిన జీపు

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ నోళ్లు మాత్రం తెరుచుకోలేదు. సోములమ్మ వరండాలో చాప పరిచి మిరియాలు ఆరబోస్తోంది. కోడలు నిర్మల చోడంబలి కాస్తోంది. కొడుకు ఫల్గుణ వాకిట్లో జీపు తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. మనవరాలు భానుశ్రీ గదిలోంచి బయటికే రాలేదు. గురువారం నుంచీ ఇదే వరస.

గురువారం ఏం జరిగిందో అనంతగిరి చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. ఆ రోజు మధ్యాహ్నం రెండూ నలభైకి నిర్మల, భానుశ్రీ విశాఖలో బెంగళూరు విమానం ఎక్కాలి. మర్నాడు పొద్దున్న అక్కడ కాఫీ కోర్సుకి ఎంపిక పరీక్ష. పేర్లు రాయని కప్పులు వరసగా పెడతారట, వాసన పట్టి, రుచి చూసి ఏది ఎలాంటి కాఫీయో చెప్పాలట. కాఫీ తోటలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇంతకంటే తనకి తగిన చదువేముంటుంది? డిగ్రీ ఆఖరి పరీక్ష బుధవారమే అయింది కాబట్టి రైలుకి టైము లేకపోయింది. ఆశ్రమ పాఠశాలలో టీచరైన నిర్మల తన క్రెడిట్ కార్డు మీద రెండు విమానం టికెట్లు తీయించింది. ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ విమానం ఎక్కలేదు.

కాకపోతే అది మన్యంలో ఇటుకల పండగ వారం. మగాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పెట్టి, వచ్చేపోయే బళ్లని ఆపి, పాట పాడి పజోరు, అంటే పండగ మామూలు, అడుగుతారు. పది రూపాయలిచ్చినా సంతోషమే, కానీ ఇవ్వకుండా బొంగు దాటకూడదు. సొంత ఊరి బండయితే మరీ సరదా, కాసేపు ఆడించి గానీ వదలరు. ఆ దారిలో మొదటి బొంగు వాళ్ల ఊరిదే. దాని దగ్గర పెద్దరికం చేసింది సాక్షాత్తూ సోములమ్మ. అక్కడో పావుగంట. ఆ తర్వాత ఘాట్ దిగేలోగా ఇంకో ఆరు బొంగులు, ఒక్కోదాని ముందూ టూరిస్టు కార్ల బారు. ఎస్.కోట చేరేసరికి రెండు కావచ్చింది. ఎయిర్‌పోర్టు ఇంకా గంటంపావు దూరం.

వాళ్లని దింపడానికి జీపు నడుపుతున్న ఫల్గుణ వాచీ చూశాడు, బండి వెనక్కి తిప్పేశాడు. వచ్చేటప్పుడు ఆ కోపంలో సొంత ఊరి బొంగు మీద నుంచే బండి పోనిచ్చి దాన్ని రెండు ముక్కలు చేశాడు. పండగలో బొంగు విరగ్గొట్టడమంటే మామూలు తప్పా! సోములమ్మే కొడుకు తరఫున పెద్దల ముందు నిలబడి, చేతులు జోడించి, మేకపిల్లనిచ్చి తప్పు కట్టుకుంది. ఆ సంగతి కొడుకుతో ఎత్తనైనా లేదు.

"అంబలి తాగుదురు గాని రండి," అని పిలిచింది నిర్మల.

ఫల్గుణ గుడ్డ విదిలించి వరండా ఎక్కాడు. తల్లి వైపు చూడకుండా పక్కనుంచి పోతుంటే సోములమ్మే పలకరించింది.

"ఒరే, నాలుగు రోజులైనాది. నా మొకం సూడవేట్రా?"

"చూసి ఏటి చెయ్యమంటావు? మనవరాలి బతుకు మీద అడ్డంగా బొంగెట్టినావు. నీ పాట అయ్యేవరకూ నేను స్టీరింగు పట్టుకుని కూర్చోవాల."

"పండగరా అది! ఊరోళ్లందర్నీ ఆపి, నా కొడుకు బండి మాత్రం ఒగ్గేత్తే నలుగురూ ఏటనుకుంతారు? పావుగంటే కదరా ఆపినాను."

"ఆ పావుగంటే ముంచింది. విమానమంటే మన కిరండోల్ పాసింజరనుకున్నావా, ఎప్పుడొస్తే అప్పుడెక్కడానికి? టయానికి ఎగిరిపోద్ది."

"ఊరుకో," అంది నిర్మల గిన్నె అతని ముందు పెడుతూ. "అత్తని అని ఏం లాభం?"

"నిన్ను కూడా అనాల. కార్డు మీద తీస్తే ఇన్సూరెన్సు ఉంది, ఏం జరిగినా డబ్బులొచ్చేస్తాయని చెప్పింది నువ్వు కాదూ? ఆ కాగితం ఏమైంది? ఇరవై రెండు వేలు!"

నిర్మల బీరువా మీద నుంచి క్లెయిము ఫారం తీసి చాప మీద పెట్టింది. రెండు రోజులుగా ఆమె ఆ ఫారాన్ని నింపుతోంది, చెరుపుతోంది. కార్డు అమ్మినవాడు ఫోన్‌లో చిలకపలుకులు పలికితే నమ్మేసింది. పాలసీ పదమూడు పేజీలు. అప్పుడు మొదటి పేజీ చూసి పక్కన పెట్టేసింది. ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని రోజూ పిల్లల మీద అరిచే టీచరు, తన కాగితం తను చదువుకోలేదు. నిన్న కూర్చుని మొత్తం చదివాకే అసలు సంగతి తెలిసింది.

"ప్రయాణం రద్దయితే ఇస్తారు. కానీ జబ్బు చేసో, దెబ్బ తగిలో, ఇంట్లో ఎవరైనా పోతేనో. విమానం అందకపోయినా ఇస్తారు, కానీ మనం ఎక్కిన బస్సో రైలో లేటయి ఉండాలి. సొంత బండిలో వెళ్తే లేదు. పండగకి రోడ్డు ఆపారంటే అసలే లేదు," అంది.

"అయితే కొండచరియ పడ్డాదని రాయ్."

"ఏంటీ?"

"ఘాట్ రోడ్డు మీద చరియ పడి, మనమెక్కిన బస్సు ఆగిపోయిందని రాయ్. రోడ్డు పని చేసేవోళ్లు నాకు తెలుసు, కాగితం తెస్తాను. అమ్మ వేలిముద్ర ఏస్తుంది. చూసినానని చెప్తుంది."

సోములమ్మ చేతిలో మిరియాలు నేల మీదకి జారిపోయాయి. "పడని కొండని పడ్డాదని సెప్పమంతావా? ఆ కొండ మీదేరా మన దేవతుంది! నాను ముద్దరెయ్యను."

"ఆపడానికైతే ముందుంటావు. సాయం చెయ్యమంటే దేవతొస్తుంది."

"చాలించు," అని నిర్మల గొంతు పెంచింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె అలా అరవడం సోములమ్మ వినలేదు. "అబద్ధం రాసి సంతకం పెడితే నా ఉద్యోగం పోతుంది. నువ్వు ఇస్తావా నాకు జీతం?"

ఫల్గుణ అంబలి గిన్నె పక్కకి నెట్టేసి లేచాడు. సరిగ్గా అప్పుడే నెట్ సెంటరు రవిబాబు స్కూటర్ వచ్చి ఆగింది. టికెట్లు తీసిపెట్టింది అతనే. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రాలేదు.

"అక్కా, క్లెయిముకి కావాలని విమానం కంపెనీకి మెయిలు పెట్టించారు కదా. జవాబొచ్చింది. ప్రింటు తీశాను."

"లోపలికి రా రవీ."

"వద్దక్కా. నువ్వు చదువుకో." అతని మొహం చూస్తే ఏదో తప్పు చేసి వచ్చినవాడిలా ఉంది.

నిర్మల కాగితం విప్పింది. ఒకసారి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏటి రాశాడు?" అన్నాడు ఫల్గుణ.

"గురువారం విమానం రెండూ నలభైకి వెళ్లలేదు."

"మరి?"

"ఆరూ యాభై అయిదుకి వెళ్లింది. నాలుగుంపావు గంటలు లేటు. లగేజీ తీసుకునే కౌంటరు అయిదూ యాభై దాకా తెరిచే ఉందట. మన పేర్లు రెండుసార్లు మైకులో పిలిచారట."

పొయ్యి మీద గిన్నెలో అంబలి పొంగి నిప్పులో పడింది. దాన్ని ఎవరూ దించలేదు.

"విమానం లేటని నాకు మెసేజ్ వచ్చిందన్నా," అన్నాడు రవిబాబు నేల చూపులు చూస్తూ. "టికెట్ తీసినప్పుడు అలవాటుగా నా సెల్ నంబరే కొట్టేశాను. ఆ రోజు వేటకి పోయాను, అడవిలో సిగ్నల్ లేదు. రాత్రి చూసుకున్నాను. మీరెలాగూ ఎయిర్‌పోర్టులోనే ఉంటారు కదా, వాళ్లే చెప్పుంటారనుకున్నాను. మీరు తిరిగొచ్చేశారని మర్నాడు తెలిశాక చెప్పడానికి నోరు రాలేదన్నా."

అతను ఇంకో క్షణం కూడా ఆగలేదు. స్కూటర్ చప్పుడు మలుపు తిరిగి పోయింది. ఫల్గుణకి తిట్టాలని కూడా తోచలేదు. వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు. రెండుకి ఎస్.కోట. మూడుంపావుకి ఎయిర్‌పోర్టు. అయిదూ యాభై దాకా కౌంటరు. ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర ఎన్నింటికి ఉంటాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి, ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకటే వచ్చింది. ఇంకో రెండున్నర గంటలు చేతిలో ఉన్నాయి.

"ఆ లేటుకి కూడా ఇన్సూరెన్సు ఉంది," అంది నిర్మల. "నాలుగు గంటలు దాటితే భోజనం ఖర్చులిస్తారు. కానీ అక్కడ చెకిన్ అయి కూర్చున్నవాళ్లకి. దారిలోంచి తిరిగొచ్చేసినవాళ్లకి ఇవ్వరు. నేను చెప్పాను నీకు. పోతే పోయింది, ఎయిర్‌పోర్టు దాకా వెళ్దాం, అక్కడ అడుగుదాం అన్నాను. 'నీకేటి తెలుసు, నోరుమూసుకో' అన్నావు. నేను మూసుకున్నాను. అదీ నా తప్పు."

"ముంచింది నా పావుగంట కాదన్నమాట," అంది సోములమ్మ మెల్లగా. "నాలుగు రోజులుగా నా మనవరాలికి నానే పాపం సేసినానని కూడు సయించలేదురా నాకు. ఇంట్లో ఎవరి మొకం సూడ్డానికీ సిగ్గేసినాది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫల్గుణ తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. నేల మీద ఒలికిన మిరియాలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.

గది తలుపు తెరుచుకుంది. భానుశ్రీ బయటికొచ్చి నిలబడింది. అంతా విన్నట్టే ఉంది.

"పాపా..." అన్నాడు ఫల్గుణ.

"విమానం పోయిందని కాదు నాన్నా నా బాధ. విమానాలు పోతూనే ఉంటాయి. వెనక సీట్లో నేను కూర్చున్నాను. పరీక్ష నాది. నువ్వు వాచీ చూసుకున్నావు, బండి తిప్పేశావు. వెళ్దామా, తిరిగిపోదామా అని నన్ను ఒక్క మాట అడగలేదు."

"నీకు మాత్రం ఏటి తెలుస్తుందని..." అనబోయి ఆగిపోయాడు. ఆ మాట పూర్తిచేస్తే ఇంక పిల్ల తనతో మాట్లాడదని అతనికి అర్థమైంది. "నాకూ తెలీదు పాపా. నేనెప్పుడు చూశాను విమానం? అక్కడ అద్దాల తలుపు దగ్గరికెళ్లి, ఆలస్యమైపోయింది పొమ్మని అందరి ముందూ అంటే నిలబడలేననుకున్నాను. భయమేసింది. భయమేసిందని చెప్పడానికి సిగ్గేసి కోపం తెచ్చుకున్నాను. తప్పు మీ అమ్మ మీదా, మా అమ్మ మీదా నెట్టేశాను."

అంత మాట ఫల్గుణ నోట రావడం ఆ ఇంట్లో అదే మొదలు. నిర్మల కళ్లు తుడుచుకుంది.

భానుశ్రీ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "శుక్రవారం బెంగళూరుకి ఫోన్ చేశాను. పరీక్షకి రాలేకపోయిన వాళ్లకి బుధవారం ఇంకోసారి పరీక్ష పెడతారట. ఎందుకు రాలేకపోయామో ఇంటి పెద్ద రాసి సంతకం పెట్టి, ఇవాళ సాయంత్రంలోగా మెయిల్ చేయాలట. నిజమే రాయాలి. సరైన కారణమైతేనే రమ్మంటారు. వాళ్లు ఒప్పుకుంటే రేపు రైలుంది."

"మూడు రోజుల్నించీ సెప్పలేదేటే గుంటా?" అంది సోములమ్మ.

"ఏం రాయమని చెప్పను నానమ్మా? నీ బొంగు వల్ల అని రాస్తే అబద్ధం అనిపించింది. నాన్న వల్ల అని నేను రాయలేకపోయాను."

"ఇలా ఇవ్వు, నేను రాస్తాను," అని నిర్మల చెయ్యి చాపింది.

"వద్దు," అన్నాడు ఫల్గుణ. "నేనే రాస్తాను."

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. సంతకం తప్ప పెన్ను పట్టుకుని ఎన్నేళ్లయిందో. వరండాలో బల్ల మీద కూర్చుని తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. రెండు వాక్యాలు రాసేసరికి నుదుట చెమట పట్టింది. మధ్యలో కొట్టేశాడు, మళ్లీ రాశాడు. ముగ్గురు ఆడవాళ్లూ చూస్తున్నారు. క్లెయిము ఫారం చాప మీద అలాగే ఉంది. నిర్మల దాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి దగ్గర పడేసింది.

రాయడం అయ్యాక అతను గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"అయ్యా, దండాలు. గురువారం విమానం నాలుగు గంటలు లేటు. మేము ఎయిర్‌పోర్టుకి వెళ్లుంటే అందేది. వెళ్దామని మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు. మా అమ్మ తప్పు ఏమీ లేదు. మా పాపని నేను అడగనే లేదు. ఎస్.కోట దగ్గర బండి తిప్పింది నేనే. తప్పు నాది, శిక్ష దానికి వద్దు. ఇట్లు, ఫల్గుణ, జీపు డ్రైవరు."

సోములమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని పట్టుకుని, "తప్పు నువ్వు కట్టావంట కదే అమ్మా. ఊళ్లో చెప్పారు. నాకోసం నలుగురిలో చేతులు జోడించావంట," అన్నాడు. కన్నీళ్లు గడ్డం మీదకి కారిపోతున్నా తుడుచుకోలేదు.

తర్వాత కాగితం కూతురికి అందించాడు. భానుశ్రీ సెల్‌తో ఫొటో తీసి, మెయిల్‌కి జతచేసి, ఆఖరి బటన్ మీద వేలు పెట్టి ఆగింది. కూతురు ఎందుకు ఆగిందో ఈసారి ఫల్గుణకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వు చెప్పు పాపా," అన్నాడు. "పంపుదామా?"

భానుశ్రీ తండ్రి భుజానికి తల ఆనించి ఏడుస్తూనే, "పంపుదాం నాన్నా," అంది.